పట్నం మొదటిసారి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు

మన హాస్టల్‌లో చదివిన వారిలో చాలామందికి హైదరాబాద్‌తో మొదటి పరిచయం ఒక హాల్ టికెట్ ద్వారానే జరుగుతుంది. సెలవుల్లో అమ్మానాన్నలతో చార్మినార్ చూడడానికి వచ్చేవాళ్లం కాము మనం. పరీక్ష రాయడానికో, కౌన్సెలింగ్‌కో, కోచింగ్‌కో, గాంధీ ఆసుపత్రిలో ఉన్న బంధువుకు తోడుగానో వస్తాం. చేతిలో ఒక సంచి, సంచిలో సర్టిఫికెట్ల ఫైలు, జేబులో లెక్కపెట్టిన డబ్బులు. తెల్లవారుజామున బస్సు దిగి ఎటు నడవాలో తెలియక నిలబడిన ఆ అరగంట మాకు ఇప్పటికీ గుర్తుంది.

ఈ వ్యాసం రాస్తున్న మేము ముగ్గురం అలా వచ్చినవాళ్లమే. ఇప్పుడు ఇక్కడే ఉంటున్నాం. తొవ్వ అడిగేవాళ్లకు చెప్పే స్థితికి వచ్చాం. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు, మేము వచ్చిన రోజున ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదని అనుకున్న సంగతులే రాద్దామని నిశ్చయించుకున్నాం. ఇందులో కొంత చరిత్ర ఉంది, కొంత బస్సుల గొడవ ఉంది. రెండూ కావాలి. ఊరు ఎలా పుట్టిందో తెలిస్తే ఊళ్లో దారి తప్పడం తగ్గుతుంది.

నదిని గుర్తుపెట్టుకోండి

హైదరాబాద్ పటాన్ని చూస్తే తల తిరుగుతుంది. అందుకే ముందు ఒక గీత గీయండి. అది మూసీ నది. పడమటి నుంచి తూర్పుకు ఊరి మధ్యగా పోతుంది. ఆ గీతకు దక్షిణాన ఉన్నది పాతబస్తీ. ఉత్తరాన అఫ్జల్‌గంజ్, కోఠి, ఆబిడ్స్, నాంపల్లి. ఇంకా ఉత్తరానికి పోతే హుస్సేన్‌సాగర్. సాగర్ దాటితే సికింద్రాబాద్. పడమటి చివర గోల్కొండ, దానికి వాయవ్యంగా ఐటీ కంపెనీల ప్రాంతం. ఈ అయిదు ముక్కలు మనసులో ఉంటే చాలు.

కట్టిన వరుస కూడా ఇలాగే నేర్చుకోవచ్చు. ముందు గోల్కొండ. కాకతీయుల నాటి మట్టికోట మీద కుతుబ్‌షాహీలు రాతికోట కట్టారు. కోటలో జనం పెరిగి, నీటికి కటకట వచ్చి, ఊరు నది దాటవలసి వచ్చింది. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో మూసీ మీద మొదటి వంతెన కట్టారు. దాన్నే ఇప్పుడు పురానాపూల్ అంటాం, అంటే పాత వంతెన. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నది దక్షిణపు ఒడ్డున కొత్త నగరానికి పునాది వేసి, నాలుగు దారులు కలిసే చోట చార్మినార్ కట్టించాడు. ఈనాటికీ చార్మినార్ కింద నిలబడితే నాలుగు దిక్కులకూ నాలుగు దారులు తిన్నగా పోతుంటాయి. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకున్నాడు. తర్వాత అసఫ్‌జాహీలు, అంటే నిజాములు వచ్చారు. ఆ కాలంలో ఇంగ్లీషు వారి సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగింది. 1806లో ఆ దండు ప్రాంతానికి నాటి నిజాం సికందర్ జా పేరు పెట్టారు. అదే సికింద్రాబాద్. రెండు ఊళ్లు వేరువేరుగా పెరిగాయి కాబట్టే రెండింటికీ వేర్వేరు రైల్వే స్టేషన్లు, వేర్వేరు బస్టాండ్లు వచ్చాయి. మనం పడే తిప్పలకు మూలం ఇక్కడ ఉంది.

ఎక్కడ దిగాలి?

మాలో ఒకరి బాబాయి సికింద్రాబాద్ స్టేషన్‌లో రెండు గంటలు నిలబడి చూశాడు. మనవాడు కాచిగూడలో దిగి అక్కడే కూర్చున్నాడు. అప్పుడు ఇద్దరి దగ్గరా ఫోను లేదు. ఇప్పుడు ఫోను ఉన్నా పొరపాటు మాత్రం అలాగే ఉంది. టికెట్ మీద ఏ స్టేషన్ పేరుందో అక్షరం అక్షరం చదవండి. నాంపల్లి స్టేషన్‌ను టికెట్ మీద హైదరాబాద్ అని రాస్తారు. సికింద్రాబాద్ వేరు. కాచిగూడ వేరు. లింగంపల్లి ఊరికి పడమటి అంచున ఉంటుంది. 2025 జనవరిలో తూర్పు అంచున చర్లపల్లి స్టేషన్ కొత్త టెర్మినల్‌గా ప్రారంభమైంది. సికింద్రాబాద్ వరకు వచ్చే కొన్ని రైళ్లను అక్కడికి మార్చారు. చర్లపల్లిలో దిగినవారు నగరం నడిబొడ్డుకు రావడానికి గంట పైనే పట్టవచ్చు. పరీక్ష రోజు ఆ గంటను లెక్కలో వేసుకోండి.

బస్సులకు రెండు పెద్ద స్టేషన్లు. మూసీ ఒడ్డున ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను పాతవాళ్లు ఇమ్లీబన్ అంటారు. ఇమ్లీ అంటే చింత. నల్గొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ వైపు బస్సులు ఇక్కడికి వస్తాయి. కరీంనగర్, మెదక్ వైపు బస్సులు సికింద్రాబాద్‌లోని జూబ్లీ బస్ స్టేషన్ మీదుగా వస్తాయి. ఇది జూబ్లీహిల్స్‌లో లేదు. జూబ్లీహిల్స్ పూర్తిగా వేరే దిక్కున ఉంది. మా హాస్టల్ పిల్లవాడొకడు జూబ్లీ బస్టాండులో దిగి, జూబ్లీహిల్స్‌లో ఉన్న చిరునామాకు నడిచిపోదామని బయల్దేరాడు. ఇప్పటికీ ఆ మాట ఎత్తితే వాడికి కోపం.

ఇంకో మాట. చివరి దాకా రావాలని లేదు. నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చేవారు ఎల్బీనగర్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు. వరంగల్ వైపు వారు ఉప్పల్‌లో దిగి మెట్రో ఎక్కవచ్చు. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. మూడు దారులున్నాయి. ఎల్బీనగర్ నుంచి మియాపూర్ వరకు ఒకటి, నాగోలు నుంచి రాయదుర్గం వరకు ఒకటి, జూబ్లీ బస్ స్టేషన్ నుంచి మహాత్మాగాంధీ బస్ స్టేషన్ వరకు ఒకటి. దారి మారడానికి అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, మహాత్మాగాంధీ బస్ స్టేషన్ అనే మూడు చోట్లు గుర్తుంటే చాలు. ఇది రాసే నాటికి మెట్రో చార్మినార్ దాకా పోదు. మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లో దిగి నది దాటి పోవాలి.

చెల్లెళ్లకు: 2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఉండే ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ డబ్బులు లేవు. పేరులో మెట్రో ఉన్నా మెట్రో ఎక్స్‌ప్రెస్ అనేది బస్సే, రైలు కాదు. మెట్రో రైలుకు డబ్బులు పెట్టాలి. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు దగ్గర ఉంచుకొని, కండక్టర్‌ను అడిగి జీరో టికెట్ తీసుకోవాలి. కార్డు హాస్టల్ పెట్టెలో పెట్టి వస్తే లాభం లేదు.

తెల్లవారుజామున బస్టాండు బయట మీ చుట్టూ ఆటోలు మూగుతాయి. వెంటనే ఎక్కవద్దు. లోపలే బెంచీ మీద కూర్చొని, మొహం కడుక్కొని, చాయ్ తాగి, తెల్లవారనివ్వండి. మాలో ఒకరు ఇమ్లీబన్ నుంచి కోఠికి ఆటోలో 250 రూపాయలు ఇచ్చాడు. తర్వాత తెలిసింది, అది నడిచిపోయే దూరమని. ఆ రోజు ఆ డబ్బు వాడి రెండు రోజుల భోజనం. కానీ ఆటో వాళ్లందరినీ ఒకే గాటన కట్టలేం. మాలో ఇంకొకరి పర్సు పోయినప్పుడు పరీక్షా కేంద్రం దాకా ఊరికే దింపి, ‘బాగా రాయి బిడ్డా’ అన్నది కూడా ఒక ఆటో పెద్దమనిషే.

హాల్ టికెట్ సంగతి

ఇది అన్నిటికన్నా ముఖ్యం. అందుకే కొంచెం ఎక్కువ రాస్తాం.

హాల్ టికెట్ మీద హైదరాబాద్ అని ఉన్నంత మాత్రాన కేంద్రం హైదరాబాద్ నడిమధ్య ఉంటుందని అనుకోవద్దు. కంప్యూటర్ మీద రాసే పరీక్షల కేంద్రాలు చాలావరకు ఊరి అంచుల్లో, మేడ్చల్, రంగారెడ్డి జిల్లాల్లోని ఇంజనీరింగ్ కాలేజీల్లో ఉంటాయి. పైగా ఒకే పేరుతో మూడు నాలుగు కాలేజీలు ఉంటాయి. 2011లో మాలో ఒకరు కాలేజీ పేరు మాత్రమే చదివి నగరం మధ్యలో ఉన్న శాఖకు పోయాడు. గేటు దగ్గర వాచ్‌మన్ హాల్ టికెట్ చూసి, ‘ఇది ఘట్‌కేసర్ వైపుది తమ్మీ’ అన్నాడు. అప్పుడు సమయం ఎనిమిదింబావు. పరీక్ష పది గంటలకు. రెండు బస్సులు మారి, చివర ఒకరి బండి మీద పోయి చేరేసరికి పది గంటల ఏడు నిమిషాలు. గేటు మూసేశారు. నిమిషం ఆలస్యమైనా రానివ్వరని ముందే హాల్ టికెట్ మీద రాసి ఉంది. ఆ సంవత్సరం పోయింది. ఇంటికి పోయి నాన్నకు ‘పేపర్ కష్టంగా వచ్చింది’ అని చెప్పాడు. నిజం చెప్పడానికి మూడేళ్లు పట్టింది. ఇప్పుడు ఇందులో రాయమన్నది కూడా అతనే.

కాబట్టి వీలైతే ముందురోజు సాయంత్రమే కేంద్రం చూసి రండి. పోయేటప్పుడు ఎంతసేపు పట్టిందో గడియారం చూసి రాసుకోండి, దానికి ఇంకో గంట కలపండి. ఫోనులో పటం చూపే సమయం బస్సు కోసం నిలబడే సమయాన్ని సరిగా లెక్క కట్టదు. బోనాల ఆదివారాల్లోనూ గణేశ్ నిమజ్జనం రోజునా దారులు మళ్లిస్తారు. ఆషాఢంలో బోనాలు ముందు గోల్కొండలో మొదలై, తర్వాత సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళి గుడిలో, ఆ తర్వాత పాతబస్తీ లాల్‌దర్వాజాలో జరుగుతాయి. పరీక్ష ఆదివారమైతే క్యాలెండర్ చూసుకోండి. పరీక్ష లేకుంటే బోనాలు తప్పకుండా చూడండి.

అసలు సర్టిఫికెట్లు ఎవరి చేతికీ ఇవ్వకండి. కౌన్సెలింగ్ అధికారులు, కాలేజీ వారు అడిగితే రసీదు తీసుకొని ఇవ్వాలి. ఉద్యోగం ఇప్పిస్తామనే ఆఫీసుల్లో మాత్రం జిరాక్సు తప్ప ఇంకేదీ ఇవ్వరాదు. ఒక కన్సల్టెన్సీ వారు మాలో ఒకరి టెన్త్ మెమో దగ్గర పెట్టుకొని, ఆరు వేలు కట్టించుకున్న తర్వాత గానీ ఇవ్వలేదు. ఉద్యోగం మాత్రం రాలేదు. స్కాలర్‌షిప్పు, కులధ్రువీకరణ వంటి వాటిలో చిక్కు వస్తే మాసబ్‌ట్యాంక్‌లోని సంక్షేమ భవన్‌కు పోవలసి రావచ్చు. ఆ భవనానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టారు. కర్నూలు జిల్లాలో పేద దళిత కుటుంబంలో పుట్టి, 1960లో ఆంధ్రప్రదేశ్‌కు ముఖ్యమంత్రి అయినవారు ఆయన. అక్కడి వరండాల్లో గంటల తరబడి నిలబడినప్పుడు గోడ మీది ఆ పేరు చూస్తూ ఉండేవాళ్లం.

తిండి, గది, భాష

ఊళ్లో చాలాచోట్ల 5 రూపాయలకు భోజనం దొరుకుతుంది. 2014లో అన్నపూర్ణ పేరుతో మొదలైన ఆ కేంద్రాలను ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు అంటున్నారు. మధ్యాహ్నం వరుసలో కొంచెం ముందుగా నిలబడాలి. సిగ్గుపడవలసిన పని లేదు. అక్కడ మీ పక్కన నిలబడేది సివిల్స్‌కు చదివేవాడు కావచ్చు. ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్ తీసుకుంటే గంట కూర్చున్నా లేవమనరు. అడ్రసు కనుక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

తెలుగు వస్తే చాలావరకు గడిచిపోతుంది. అయినా ఇక్కడి ఉర్దూ మాటలు నాలుగు నేర్చుకోండి. ‘హౌ’ అంటే అవును. ‘నక్కో’ అంటే వద్దు. ‘కిధర్ జానా’ అంటే ఎక్కడికి పోవాలి. ‘పర్సోం’ అంటే పుస్తకాల ప్రకారం మొన్న, కానీ పాతబస్తీలో ఎవరైనా పర్సోం కొన్నానంటే అది వారం కిందటిదీ కావచ్చు, పదేళ్ల కిందటిదీ కావచ్చు. పేర్లు చూసి మోసపోకండి. కోఠి అంటే కోట కాదు, పెద్ద బంగళా. లక్డీకాపూల్‌లో కట్టె వంతెన కోసం వెతకవద్దు.

గది సంగతి దాచకుండా చెప్పాలి. అశోక్‌నగర్, చిక్కడపల్లి, దిల్‌సుఖ్‌నగర్, అమీర్‌పేట వైపు కోచింగ్ పిల్లలకు గదులు దొరుకుతాయి. గది చూపించి, అద్దె మాట్లాడి, చివరికి ‘మీరేమిటోళ్లు బాబూ?’ అని అడిగే ఇంటివాళ్లు ఈ పట్నంలో ఇప్పటికీ ఉన్నారు. మొదటిసారి అడిగినప్పుడు మేము ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒకరు అబద్ధం చెప్పబోయారు. ఇంకొకరు ఉన్నదే చెప్పారు. ‘మా అమ్మాయి ఊరి నుంచి వస్తోంది, గది ఇవ్వడం కుదరదు’ అన్నారు ఆ పెద్దాయన. రెండు వీధుల అవతల ఒక రిటైర్డ్ టీచరమ్మ ఏమీ అడగకుండా తాళం చెవి చేతిలో పెట్టింది. నాలుగేళ్లు ఆ ఇంట్లోనే ఉన్నాం. ఇలాంటి మాట ఎదురైతే అది మీ తప్పు కాదు. అబద్ధం చెప్పి దొరికిన గదిలో ప్రతిరోజూ భయంగా ఉంటుంది. అందుకని సర్కారు కాలేజీ హాస్టళ్లకు ముందే దరఖాస్తు చేసుకోవడం మేలు. అప్పటిదాకా మన పాత విద్యార్థుల గదుల్లో ఒక చాప ఎప్పుడూ ఖాళీగానే ఉంటుంది.

ఒక్కరోజు మిగిలితే

పరీక్ష అయిపోయింది, బస్సు రాత్రికి ఉంది అనుకోండి. అప్పుడు నది ఒడ్డున నడవండి.

ఇమ్లీబన్ నుంచి అఫ్జల్‌గంజ్ దగ్గరే. అక్కడ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం ఉంది. 1891లో అసఫియా గ్రంథాలయంగా మొదలైంది. ఇప్పుడున్న రాతి భవనంలోకి 1936లో వచ్చింది. లోపలికి పోవడానికి భయపడకండి, అది మనందరిది. దాని పక్కనే ఉస్మానియా ఆసుపత్రి ఆవరణ. 1908 సెప్టెంబర్ 28న మూసీకి వచ్చిన వరదలో వేలమంది చనిపోయారు. ఆ రోజు ఈ ఆవరణలోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహా ప్రకారం మూసీ మీద ఉస్మాన్‌సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ కట్టారు. గండిపేట అని మనం వినే చెరువు ఆ ఉస్మాన్‌సాగరే. పోటీ పరీక్షల్లో ఇది అడుగుతారు కూడా.

వంతెన దాటితే హైకోర్టు, ఇంకొంచెం తూర్పుకు సాలార్‌జంగ్ మ్యూజియం. మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులతో 1951లో దీన్ని ప్రారంభించారు. శుక్రవారం సెలవు. ముసుగు కప్పుకున్న రెబెకా పాలరాతి విగ్రహం ముందు కాసేపు నిలబడండి. రాతిని పలచని గుడ్డలా ఎలా చెక్కారో ఎంత చూసినా అర్థం కాదు. గంట కొట్టే గడియారం దగ్గరకు పన్నెండు కాకముందే పోవాలి. తలుపు తెరుచుకొని చిన్న బొమ్మ బయటికి వచ్చి పన్నెండు దెబ్బలు కొట్టి లోపలికి పోతుంది. ఆ క్షణం కోసం పెద్దవాళ్లు కూడా పిల్లల్లా కూర్చుంటారు.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ మీదుగా చార్మినార్‌కు నడకే. మొదటి అంతస్తు దాకా ఎక్కనిస్తారు. పక్కన మక్కా మసీదు. లాడ్‌బజార్‌లో అమ్మకో అక్కకో లక్కగాజులు కొనదలిస్తే చెప్పిన ధరలో సగం నుంచి మొదలుపెట్టి మర్యాదగా బేరం చేయండి. కొనే ఉద్దేశం లేకుండా గంటసేపు బేరం ఆడవద్దు, అది వాళ్ల బతుకు.

ఈ చోట్లన్నీ ఏ టూరిస్టు పుస్తకంలోనైనా ఉంటాయి. వాటిలో తక్కువగా కనిపించే ఒక చోటు చెబుతాం. కోఠి దగ్గర ఇసామియా బజార్. మాదరి భాగ్యరెడ్డి వర్మ (1888–1939) పనిచేసిన ప్రాంతం ఇది. 1906లో జగన్మిత్ర మండలి స్థాపించి, దళితుల పిల్లలకు తెలుగులో బడులు పెట్టించిన మనిషి. నిజాం రాజ్యంలో మన పిల్లలకు చదువే దొరకని రోజుల్లో ఆ బడులు నడిచాయి. 1917లో బెజవాడలో పంచమ మహాసభకు అధ్యక్షత వహించి, పంచములు అనే మాట వద్దు, మేము ఆదిమవాసులం అని చెప్పింది ఆయనే. మేము అక్కడికి మొదటిసారి పోయింది పట్నం వచ్చిన తొమ్మిదేళ్లకు. అంతకుముందు వంద సార్లు ఆ పక్క నుంచే పుస్తకాలకు పోయాం, తెలియదు. అక్కడికి దగ్గరలోనే సుల్తాన్‌బజార్‌లో 1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయ భాషానిలయం ఉంది. తెలుగు చదువుకోవడమే కష్టమైన కాలంలో పెట్టిన గ్రంథాలయం అది.

సాయంత్రానికి హుస్సేన్‌సాగర్ దగ్గరికి పోతే, 2023 ఏప్రిల్ 14న ఆవిష్కరించిన 125 అడుగుల అంబేద్కర్ విగ్రహం కనిపిస్తుంది. ఓపిక ఉంటే తార్నాకలో మెట్రో దిగి ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం కూడా చూడండి. 1953 జనవరి 12న అంబేద్కర్‌కు గౌరవ డాక్టరేట్ ఇచ్చిన విశ్వవిద్యాలయం ఇది. విగ్రహం దగ్గర అందరూ ఫొటో దిగుతారు, మేమూ దిగాం. కానీ అడ్మిషన్ల కోసం ఆ యూనివర్సిటీ మెట్లు ఎక్కేటప్పుడు ఆయన ఇక్కడికి వచ్చాడన్న సంగతి మాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది.

ఆదివారం మిగిలితే ఇంకేమీ పెట్టుకోకుండా ఆబిడ్స్‌కు రండి. దుకాణాలు మూసి ఉంటాయి, వాటి ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. పోటీ పరీక్షల పుస్తకాలు, నిఘంటువులు, నవలలు అన్నీ సగం ధరకు, ఒక్కోసారి కిలోల లెక్కన. ఎడిషన్ ఏ సంవత్సరానిదో చూసి కొనండి, చట్టాలు, జిల్లాల సంఖ్య మారిపోయాయి. పొద్దున తొమ్మిది, పది మధ్య మేము ముగ్గురం చాలా ఆదివారాలు జీపీఓ దగ్గరి వరుసలోనే ఉంటాం. మన హాస్టల్ పేరు చెప్పండి. చాయ్ మాది.